అధినేతను తప్పుపడతారు, బరిలోకి మాత్రం దిగరు: అలాంటి నాయకుడి వెంట నడవాలా, వేచి చూడాలా?

మండల కేంద్రంలోని ఫ్లెక్సీ దుకాణంలో ఓ అరగంట కూర్చుంటే ఏ పార్టీలో ఏం ఉడుకుతోందో పత్రికల కంటే ముందే తెలిసిపోతుంది. తమ నాయకుడి పుట్టినరోజుకు ఫ్లెక్సీ వేయించడానికి వచ్చే కార్యకర్త నిన్న మొన్నటిదాకా పార్టీ అధినేత బొమ్మను పైన పెద్దగా పెట్టమనేవాడు. ఈసారి దాన్ని ఓ మూలన చిన్న గుండ్రంలో ఇమడ్చమంటాడు. బయటికి వెళ్లి ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చి, మళ్లీ కాస్త పెంచమంటాడు. మౌసుతో ఆ బొమ్మను సాగదీసి, కుదించి, మళ్లీ సాగదీసిన డిజైనరు కుర్రాడు చివరకు విసుగెత్తి, "అన్నా, ఇంతకీ మీవాళ్లు పార్టీలో ఉన్నట్టా, పోయినట్టా?" అని అడుగుతాడు. కార్యకర్త దగ్గర దానికి జవాబు ఉండదు, ఎందుకంటే ఆ జవాబు అతని నాయకుడి దగ్గర కూడా ఉండదు.

ఈ పోలిక ఆ కార్యకర్త కోసం రాస్తున్నది. నాయకుడు విలేకరుల ముందు అధినేత తీరును ఎండగడతారు. నాయకత్వానికి పోటీ చేస్తారా అంటే చేయనంటారు, పార్టీ వీడతారా అంటే వీడనంటారు, రాజీనామా చేస్తారా అంటే నేనెందుకు చేయాలంటారు. ఇలాంటి నాయకుడి వెంట బాహాటంగా నిలబడాలా, పార్టీనే నమ్ముకుని ఉండాలా, లేక ఇద్దరికీ నమస్కారం పెట్టి కొంతకాలం గట్టుమీద నిలబడాలా అన్నది అతని ముందున్న ఎంపిక. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాట ఎంత ఘాటుగా ఉందన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవద్దు. ఆ మాట అన్నందుకు ఆయన చేతిలోంచి ఏం జారిపోగలదో చూడండి. ఏమీ జారిపోని చోట కూర్చుని చేసిన విమర్శకు కూడా ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు, కాకపోతే చెల్లించేది ఆయన కాదు, ఆయన పేరు చెప్పుకుని తిరిగే మీరు.

ఉత్తరం రాసిన 23 మంది

మన కాలంలో ఈ ధోరణికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ కాంగ్రెస్‌లోని జీ-23. 2020 ఆగస్టులో 23 మంది సీనియర్ నాయకులు సోనియా గాంధీకి ఉత్తరం రాశారు. పూర్తికాలం పనిచేసే, నలుగురికీ కనిపించే నాయకత్వం కావాలని, వర్కింగ్ కమిటీకి ఎన్నికలు జరపాలని అందులో కోరారు. సంతకాలు పెట్టినవారిలో గులాం నబీ ఆజాద్, ఆనంద్ శర్మ, కపిల్ సిబల్, మనీశ్ తివారీ, శశి థరూర్, భూపీందర్ సింగ్ హుడా, పృథ్వీరాజ్ చవాన్, వీరప్ప మొయిలీ, జితిన్ ప్రసాద, మిలింద్ దేవరా ఉన్నారు. ఖమ్మం నుంచి రెండుసార్లు లోక్‌సభకు ఎన్నికైన రేణుకా చౌదరి కూడా ఉన్నారు. ఆగస్టు 24న వర్కింగ్ కమిటీ గంటల తరబడి చర్చించి, సోనియానే తాత్కాలిక అధ్యక్షురాలిగా కొనసాగమని కోరి ముగించింది. మరుసటి నెలలోనే ఆజాద్‌ను ప్రధాన కార్యదర్శి పదవి నుంచి తప్పించారు. ఏడాది తర్వాత కపిల్ సిబల్ 'మేము జీ-23 మే కానీ జీ హుజూర్-23 కాదు' అన్నప్పుడు, యువజన కాంగ్రెస్ కార్యకర్తలు ఢిల్లీలోని ఆయన ఇంటి ముందు నిరసనకు దిగారు.

ఆ ఉత్తరం ఊరికే పోలేదని ఒప్పుకోవాలి. 2022 అక్టోబరులో అధ్యక్ష పదవికి పోటీతో కూడిన ఎన్నిక జరిగింది, అది 22 ఏళ్ల తర్వాత జరిగిన తొలి పోటీ. కానీ ఎన్నిక కావాలని అడిగినవారు, ఆ ఎన్నిక తీరా ముంగిట్లోకి వచ్చినప్పుడు ఏం చేశారన్నదే మనకు కావలసిన విషయం. కాంగ్రెస్ నియమావళి ప్రకారం అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే పది మంది ప్రతినిధులు ప్రతిపాదిస్తే చాలు. దేశవ్యాప్తంగా తొమ్మిది వేలకు పైగా ప్రతినిధులున్న పార్టీలో పది సంతకాలు దొరకని స్థితిలో ఈ 23 మందిలో ఎవరూ లేరు. అయినా ఆజాద్ ఆగస్టు 26న ఐదు పేజీల రాజీనామా లేఖ రాసి పార్టీ వీడారు, రెండు రోజుల తర్వాత వర్కింగ్ కమిటీ ఎన్నిక తేదీని ఖరారు చేసింది. సిబల్ అప్పటికే మే నెలలో వెళ్లిపోయి, సమాజ్‌వాదీ పార్టీ మద్దతుతో స్వతంత్రుడిగా రాజ్యసభకు నామినేషన్ వేశారు. ఆనంద్ శర్మ, మనీశ్ తివారీ, హుడా, పృథ్వీరాజ్ చవాన్‌లు మల్లికార్జున ఖర్గే పక్షాన నిలిచారు. బరిలో మిగిలింది శశి థరూర్ ఒక్కరే.

ఇక్కడ ఒక తండ్రీకొడుకుల కథ చెప్పకుండా ముందుకు పోలేను. 2000 నవంబరులో సోనియా గాంధీపై అధ్యక్ష పదవికి పోటీ చేసింది జితేంద్ర ప్రసాద. ఆయనకు వచ్చిన ఓట్లు 94, సోనియాకు వచ్చినవి 7,448. పీవీ నరసింహారావుకు రాజకీయ కార్యదర్శిగా పనిచేసిన మనిషి, గెలవనని తెలిసే నామినేషన్ వేశారు, ఓడి పార్టీలోనే ఉన్నారు. రెండు నెలలకే కన్నుమూశారు. ఆయన కుమారుడు జితిన్ ప్రసాద 2020లో ఉత్తరంపై సంతకం పెట్టి, 2021 జూన్‌లో బీజేపీలో చేరారు, ఇప్పుడు కేంద్రంలో సహాయమంత్రి. లౌకికంగా చూస్తే కొడుకుదే తెలివైన లెక్క. అయితే తండ్రి వెంట నిలిచిన ఆ 94 మంది ఎవరో ఎవరికీ తెలియదు. కొడుకును నమ్ముకుని ఊళ్లో కాంగ్రెస్ నాయకత్వాన్ని తిట్టిన కార్యకర్తకు మాత్రం ఒక ఉదయం కాషాయ కండువా వేసుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఎదురై ఉంటుంది.

పోటీ చేసినవారి వెంట ఉంటే

బ్యాలెట్‌తో తేల్చుకునే పద్ధతిలో అనుచరుడికి ఒక రక్షణ ఉంది, దీన్ని చాలామంది గమనించరు. 2022లో అన్ని రాష్ట్రాల బ్యాలెట్లనూ కలిపేసిన తర్వాతే లెక్కించారు. ఏ రాష్ట్రం నుంచి ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో తెలియకుండా ఉండాలనే ఆ ఏర్పాటు. ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072 వచ్చాయి, 416 చెల్లకుండా పోయాయి. థరూర్‌ను ప్రతిపాదించినవారి పేర్లు అందరికీ తెలుసు, కానీ ఓటు వేసిన వెయ్యి మందిలో ఎవరి ఇంటి మీదికీ ఎవరూ వెళ్లలేకపోయారు. మరుసటి ఏడాది ఆగస్టులో థరూర్‌ను వర్కింగ్ కమిటీలోకి తీసుకున్నారు. ఆనంద్ శర్మకూ అదే కమిటీలో చోటు దక్కింది కాబట్టి, పోటీ చేయడం వల్లే పదవి వచ్చిందని నేను అనను. పోటీ చేసినా తల తెగిపడలేదని మాత్రం అనగలను.

గెలిచినా పని కాకపోవచ్చు, దానికి మన తెలుగువారికి బాగా తెలిసిన సాక్ష్యం 1939 నాటిది. త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో గాంధీజీ మద్దతున్న మన బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యపై సుభాష్ చంద్రబోస్ 1,580 ఓట్లతో గెలిచారు, పట్టాభికి 1,377 వచ్చాయి. పట్టాభి ఓటమి తన ఓటమేనని గాంధీజీ ప్రకటించారు. ఆ తర్వాత గాంధీజీ అభీష్టం ప్రకారమే వర్కింగ్ కమిటీని వేయాలన్న తీర్మానం నెగ్గింది, బోస్ ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. అంటే పోటీ చేసే నాయకుడిని కూడా ఒక మాట అడగాలి: గెలిస్తే మీతో కలిసి పనిచేయడానికి కమిటీలో ఎవరున్నారు? పేర్లు చెప్పలేకపోతే ఆ పోటీ కూడా విమర్శకు మరో రూపమే.

అయితే ఈ కొలబద్దను ప్రాంతీయ పార్టీల మీద పెట్టడం అన్యాయం. అక్కడ పోటీ చేయడానికి బరే ఉండదు. మహానాడులోనైనా, ప్లీనరీలోనైనా అధ్యక్షుడి ఎన్నిక ఏకగ్రీవం, చప్పట్ల మధ్య పూర్తయ్యే లాంఛనం. 2022 జులైలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ ఏకంగా జీవితకాల అధ్యక్షుడిని ఎన్నుకోగా, అలాంటి శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘమే అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి చోట నాయకుడు అధ్యక్ష పదవికి పోటీ చేయలేదేమని నిలదీయడంలో అర్థం లేదు. అక్కడ అడగాల్సింది సీటు గురించి.

సీటు వదిలి ప్రజల దగ్గరికి వెళ్లినవారు

ఈటల రాజేందర్ 2019 ఆగస్టులో హుజూరాబాద్ సభలో గులాబీ జెండాకు తామూ ఓనర్లమేనన్న మాట అన్నారు. ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో తెలంగాణలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. అయినా ఆయన ఆ తర్వాత దాదాపు 20 నెలలు మంత్రిగానే ఉన్నారు. 2021 మే నెలలో భూకబ్జా ఆరోపణలపై ఆయన్ని మంత్రివర్గం నుంచి తప్పించాకే, జూన్‌లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి బీజేపీలో చేరారు. ఆ అక్టోబరు 30న జరిగిన ఉపఎన్నికలో 23,855 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఓనర్ల మాట అన్ననాడు ఆయన వెంట నిలబడ్డ కార్యకర్త, రాజీనామా చేసిననాడు నిలబడ్డ కార్యకర్త ఒకే రకం లెక్క వేసినవారు కారు. మొదటివాడు 20 నెలలు గాలిలో ఉన్నాడు. రెండోవాడికి ఐదు నెలల్లో ఫలితం తెలిసిపోయింది.

కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి కథ అద్దంలో తిరగబడ్డ బొమ్మలా ఉంటుంది. 2022 ఆగస్టులో రాష్ట్ర కాంగ్రెస్ నాయకత్వాన్ని తిట్టి, మునుగోడు ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి బీజేపీ తరఫున నవంబరు ఉపఎన్నికలో నిలబడి 10,309 ఓట్ల తేడాతో టీఆర్‌ఎస్ చేతిలో ఓడిపోయారు. 2023 అక్టోబరులో తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చారు, డిసెంబరులో అదే మునుగోడులో అదే కాంగ్రెస్ గుర్తుపై గెలిచారు. ఆయనకు లెక్క సరిపోయింది. ఏడాది పైచిలుకు వ్యవధిలో రెండుసార్లు కండువా మార్చాల్సి వచ్చిన గ్రామ స్థాయి అనుచరుడు, మధ్యకాలంలో పాత మిత్రులతో మాటామాటా అనుకున్నవాడు, వాళ్ల పక్కనే మళ్లీ కుర్చీ వేసుకుని కూర్చోవడం అంత తేలిక కాదు. రాజీనామా చేసి పోరాడే నాయకుడే ఉత్తముడన్న తీర్పు కూడా ఇక్కడ నిలవదు. ఎవరి గుర్తు మీద పోరాడుతున్నారు, ఓడితే ఎక్కడికి వెళతారు అన్నవి కూడా అడిగి తీరాలి.

సీటు వదలకుండా తిట్టేవారు, చట్టం వారికిచ్చిన గొడుగు

బయటినుంచి చూసేవారికి అన్నిటికంటే వింతగా అనిపించేది ఈ రకం. పార్టీలో ఉండి, పార్టీ ఇచ్చిన సీటులో కూర్చుని, రోజూ అధినేతను దుమ్మెత్తిపోసినా పదవి ఎందుకు పోదు? ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. అది శిక్షించేది రెండు పనులనే: స్వచ్ఛందంగా పార్టీ సభ్యత్వాన్ని వదులుకోవడం, సభలో విప్‌ను, అంటే ఎలా ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని ధిక్కరించడం. విమర్శ ఈ రెండింటిలోనూ లేదు. రాజీనామా లేఖ ఇవ్వకపోయినా నడవడికను బట్టి సభ్యత్వం వదులుకున్నట్టు భావించవచ్చని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే కానీ, ఆ నడవడిక ఎక్కడ మొదలవుతుందో తేల్చాల్సింది స్పీకరు. పార్టీయే బహిష్కరిస్తే సభ్యుడికి ఇంకా మేలు, ఎందుకంటే మరో పార్టీలో చేరనంతవరకు సీటు నిలుస్తుంది. అందుకే పార్టీ బహిష్కరించదు, ఆయన రాజీనామా చేయరు. కోపం వచ్చిన ఆలుమగలు ఒకే ఇంట్లో మాట్లాడుకోకుండా ఉన్నట్టు ఐదేళ్లు గడిచిపోతాయి.

నరసాపురం ఎంపీగా 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన రఘురామకృష్ణరాజు ఈ గొడుగును చివరి గుడ్డపీలిక దాకా వాడుకున్నారు. 2020 జూన్‌లో పార్టీ షోకాజ్ నోటీసు ఇస్తే, ఎన్నికల సంఘం దగ్గర నమోదైన పేరు యువజన శ్రామిక రైతు కాంగ్రెస్ పార్టీ కదా, లెటర్‌హెడ్ మీద వేరే పేరుందేమిటని ఎదురు ప్రశ్న వేశారు. మరుసటి నెల పార్టీ ఎంపీలు వెళ్లి స్పీకరు ఓం బిర్లాకు అనర్హత పిటిషన్ ఇచ్చినా, పదవీకాలం మొత్తంలో అనర్హత వేటు పడనే లేదు. ఆయన ఢిల్లీ నుంచి 'రచ్చబండ' పేరుతో దాదాపు రోజూ మాట్లాడారు. రాజీనామా చేసి ఉపఎన్నికకు వెళతానని 2022 ఆరంభంలో ప్రకటించి, చివరకు వెళ్లలేదు. 2024 ఫిబ్రవరిలో పార్టీకి రాజీనామా చేసి, తెలుగుదేశంలో చేరి, ఉండి నియోజకవర్గం నుంచి ఎమ్మెల్యే అయ్యారు, ఆ నవంబరులో శాసనసభ ఉపసభాపతి అయ్యారు.

ఆయన ఏమీ పణంగా పెట్టలేదనడం మాత్రం సరికాదు. 2021 మే 14న సీఐడీ ఆయన్ని రాజద్రోహం కేసులో హైదరాబాద్‌లో అరెస్టు చేసింది, వారం తర్వాత సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. సీటు పోకపోయినా ఒళ్లు దాచుకోలేదు కాబట్టి, ఆయన్ని ఉత్తరాలు రాసి ఊరుకున్నవారి గాటన కట్టలేం. మీ నాయకుడు ఈ దారి పట్టి ఉంటే, మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న సూటిగా ఉంటుంది. ఆయనకు భద్రతా సిబ్బంది ఉన్నారు, పెద్ద వకీళ్లు ఉన్నారు, ఢిల్లీలో ఇల్లుంది. మీ మీద మీ ఊరి పోలీసు స్టేషన్‌లో చిన్న కేసు పడితే వచ్చి నిలబడేదెవరు?

అధినేత దేవుడు, చుట్టూ ఉన్నవారే చెడ్డవారు

తెలుగు రాజకీయాల్లో అత్యంత వాడుకలో ఉన్న విమర్శ ఇదే. అధినేతను ఒక్క మాట అనకుండా కోటరీ మీద పడటం. 1995 ఆగస్టులో వైస్రాయ్ హోటల్‌లో చేరిన తెలుగుదేశం ఎమ్మెల్యేలు తమ పోరాటం ఎన్టీఆర్‌తో కాదని, లక్ష్మీపార్వతి జోక్యంతోనేనని చెప్పారు. సెప్టెంబరు 1న కొత్త ముఖ్యమంత్రిగా చంద్రబాబు ప్రమాణం చేశారు, ఎన్టీఆర్ పదవీ, పార్టీ రెండూ పోగొట్టుకున్నారు. 2025 మే నెలలో తండ్రికి రాసిన లేఖ బయటపడ్డాక కల్వకుంట్ల కవిత, కేసీఆర్ దేవుడని, ఆయన చుట్టూ దెయ్యాలున్నాయని అన్నారు. సెప్టెంబరు మొదట్లో పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది, మరునాడే ఆమె ఎమ్మెల్సీ పదవికీ, పార్టీకీ రాజీనామా ప్రకటించారు. కాబట్టి కోటరీ మీద విమర్శ వినగానే ఇది ఉత్త అలక అని కొట్టిపారేయకండి, తలకాయల లెక్క మొదలైందా లేదా చూడండి. వైస్రాయ్‌లో లెక్క ముందే పూర్తయింది, మాటలు ఆ తర్వాత వచ్చాయి. లెక్క లేకుండా మాటలే వస్తే మటుకు అది అలకే, బుజ్జగింపు కమిటీ కోసం ఎదురుచూపే.

అక్కడి నియమాలు వేరు

పరాయి దేశాల ఉదాహరణలతో మన నాయకులను కొలిచేవారు ఒక తేడా మరిచిపోతుంటారు. అమెరికాలో అభ్యర్థిని తేల్చేది ప్రైమరీలో ఓటేసే పార్టీ మద్దతుదారులు. ఇక్కడ తేల్చేది పార్టీ టికెట్ ఖాయం చేస్తూ ఇచ్చే బీ-ఫారం. 2017 అక్టోబరులో ట్రంప్ సొంత పార్టీకే చెందిన అరిజోనా సెనేటర్ జెఫ్ ఫ్లేక్ సభలో నిలబడి ట్రంప్ తీరును ఘాటుగా విమర్శించి, అదే ప్రసంగంలో తాను మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. అదే పార్టీలో ఉండి ట్రంప్‌ను ఎదిరించిన లిజ్ చేనీ 2022లో వయోమింగ్ ప్రైమరీలో నిలబడి 30 శాతం ఓట్లు కూడా తెచ్చుకోలేక ఓడిపోయారు. అదే ఏడాది అలాస్కాలో ఆ పార్టీ సెనేటరే అయిన లీసా మర్కౌస్కీ, ట్రంప్‌ను అభిశంసనలో దోషి అని ఓటేసి కూడా గెలిచారు, ఎందుకంటే అక్కడ పార్టీ ప్రైమరీని తీసేసి అందరూ ఓటేసే కొత్త పద్ధతి వచ్చింది. ధైర్యం ఒక్కటే కాదు, బరి గీసిన తీరు కూడా ఎవరు నిలుస్తారో తేలుస్తుంది.

బ్రిటన్ ముచ్చట ఒకటి మాత్రం మనకు అచ్చంగా సరిపోతుంది. 1995 జూన్‌లో ప్రధాని జాన్ మేజర్ పార్టీ నాయకత్వానికి రాజీనామా చేసి, తనను విమర్శించేవారు వచ్చి తనపై పోటీ చేయాలని సవాలు చేశారు. మంత్రివర్గంలోంచి జాన్ రెడ్‌వుడ్ రాజీనామా చేసి పోటీకి దిగి 89 ఓట్లు తెచ్చుకున్నారు, మేజర్‌కు 218 వచ్చాయి. అందరూ ఎదురుచూసింది మరో మంత్రి మైకేల్ పోర్టిల్లో కోసం. ఆయన మేజర్‌కే మద్దతన్నారు. కానీ రెండో రౌండు వస్తే ప్రచార కార్యాలయంగా పనికొస్తుందని చూసి పెట్టుకున్న ఒక ఇంట్లో టెలిఫోన్ లైన్లు వేయిస్తుండగా విషయం బయటికి పొక్కింది. పోటీ చేయకుండానే పోటీ చేసినంత అపఖ్యాతి మూటగట్టుకున్నారు. మీ నాయకుడు పోటీ చేయనంటూనే జిల్లా కేంద్రంలో కొత్త కార్యాలయానికి అద్దె మాట్లాడుతుంటే, మీకు పోర్టిల్లో గుర్తుకు రావాలి.

ఎవరికి ఏది మేలు

మీరు ఎంపీటీసీగానో, జడ్పీటీసీగానో, పురపాలక కౌన్సిలర్‌గానో పార్టీ గుర్తుపై గెలిచి ఉంటే, నాయకుడు తాను పణంగా పెట్టని దాన్ని మీరు పెట్టకండి. మండలాధ్యక్షుడి ఎన్నికలో పార్టీ విప్ మీకూ వర్తిస్తుంది, ధిక్కరిస్తే మీ సభ్యత్వం పోతుంది. ఎంపీకి అడ్డుగా ఉండే స్పీకరు మీకు ఉండరు, మీ విషయం తేల్చేది ఎన్నికల అధికారి, అదీ చకచకా తేలుస్తారు. ఓటు విప్ ప్రకారం వేసి, నాయకుడి ఇంటికి వెళ్లి టీ తాగి రండి. దాన్ని పిరికితనమని అనేవారు ఉంటే, ఆయన తన సీటుకు రాజీనామా చేసిన రోజున మాట్లాడదామనండి.

సర్పంచి పరిస్థితి వేరు. పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తులపై జరగదు, కాబట్టి విప్ భయం లేదు. కాగితం మీద మీకంటే స్వేచ్ఛాజీవి లేడు. కానీ చేసిన సీసీ రోడ్డుకు, మురుగు కాలువకు బిల్లు పెండింగ్‌లో ఉంటే ఆ స్వేచ్ఛ ఎంతటిదో ఏ సర్పంచికీ నేను చెప్పనక్కరలేదు. మీ పార్టీ అధికారంలో ఉండి, మీ నాయకుడు దాన్ని తిడుతూ అందులోనే ఉంటే, బిల్లులు ఆగేది ముందు మీవే. ప్రతిపక్షంలో ఉంటే పోయేదేమీ లేదు, మనసులో మాట చెప్పవచ్చు.

మార్కెట్ కమిటీ మీదో, దేవస్థానం పాలకమండలి మీదో ఆశ పెట్టుకున్నవారికి నా సలహా కఠినంగా అనిపించవచ్చు. నాయకుడి విమర్శ మీ పదవికి దారి వేయదు. బుజ్జగింపులో భాగంగా పదవి వస్తే అది ఆయనకే వస్తుంది, లేదా ఆయన కుటుంబంలో ఒకరికి. జీ-23లో చివరిదాకా పార్టీలో మిగిలి చోటు దక్కించుకున్నవారు ఉన్నారు, రేణుకా చౌదరి 2024లో తెలంగాణ నుంచి రాజ్యసభకు వెళ్లారు. అసమ్మతి తెలిపి కూడా పార్టీలోనే ఓపిక పట్టినవారికి కాలం కలిసి రావచ్చునన్నమాట. మరోవైపు ఆజాద్ వెంట రాజీనామా చేసిన జమ్మూకశ్మీర్ మాజీ ఉపముఖ్యమంత్రి తారాచంద్ సహా పలువురు, నాలుగైదు నెలలకే, 2023 జనవరిలో కాంగ్రెస్‌కు తిరిగొచ్చారు. ఆజాద్ పెట్టిన కొత్త పార్టీకి 2024 శాసనసభ ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. ఉపముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి తిరిగొస్తే తలుపు తీస్తారు. మండల కార్యదర్శి తిరిగొస్తే, తలుపు దగ్గర ఇంకొకరు మండల కార్యదర్శిగా కూర్చుని ఉంటారు.

ఏ పదవీ లేక, ఏ బిల్లూ లేక, అభిమానం కొద్దీ తిరిగే కార్యకర్తకే నిజానికి ఎక్కువ స్వేచ్ఛ. అతను నాయకుడి వెంట నడవవచ్చు, కాకపోతే ఆయన అన్న మాటను ఆయన కంటే పెద్ద గొంతుతో అనకూడదు. ఆయన 'కొన్ని నిర్ణయాలు బాధించాయి' అంటే, వాట్సాప్ గ్రూపులో మీరు దాన్ని అధినేతపై తిట్ల దండకంగా మార్చవద్దు. రాజీ కుదిరిన రోజున ఆయన తన మాటను వక్రీకరించారని చెప్పి తప్పుకోగలరు, మీ పోస్టు స్క్రీన్‌షాట్‌గా మిగిలిపోతుంది.

ఇక టికెట్ రాక తిరుగుబాటు చేసిన నాయకుడి విషయంలో మరీ ఎక్కువ ఆలోచించక్కరలేదు, గడియారం చూస్తే చాలు. స్వతంత్రుడిగా నామినేషన్ వేయడానికి డప్పులతో ఊరేగింపుగా వెళ్లినవారిలో చాలామంది ఉపసంహరణ గడువు రోజున మధ్యాహ్నం మూడు గంటల లోపు చడీచప్పుడు లేకుండా వచ్చి కాగితాలు వెనక్కి తీసుకుంటారు. ఆ మూడు గంటలు దాటాక కూడా ఆయన పేరు అభ్యర్థుల జాబితాలో ఉంటే, అప్పుడు ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లి అధినేత బొమ్మ లేకుండా వేయించండి. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకండి.